ఎగ్గొట్టిన మొదటి పూత

డైరెక్టుగారికి ఆ పేరు కన్నవాళ్లు పెట్టింది కాదు. ఆయన సినిమాలు తీసే మనిషి అంతకన్నా కాదు. రైల్వే స్టేషన్లో విచారణ కిటికీ వెనక కూర్చుని, ఏ బండి ఎన్ని గంటలు ఆలస్యమో చెప్పే చిన్న ఉద్యోగి. కాకపోతే ఏ పనిలోనైనా మొదటి మెట్టు ఎక్కడం ఆయనకు బొత్తిగా పడదు. తిన్నగా రెండో మెట్టు మీదే కాలు పెడతారు. "ఇవన్నీ ఎందుకు, డైరెక్ట్‌గా చేసేద్దాం" అన్నది ఆయన ఊతపదం. అందుకని వీధి వీధంతా ఏకమై ఆ పేరు ఖాయం చేసింది.

శనగలు నానబెట్టకుండా డైరెక్ట్‌గా పొయ్యెక్కిస్తారు. నవల కొంటే మొదటి అధ్యాయం వదిలేసి రెండోది పట్టుకుంటారు, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక నూరు పేజీల దాకా ఇల్లాలి ప్రాణం తీస్తారు. కొత్త మిక్సీ వచ్చినప్పుడు దాంతో వచ్చిన కాగితం చదవకుండా మీట నొక్కారు. వంటింటి పైకప్పుకి టమాటా మరక ఇప్పటికీ అలాగే ఉంది. నమ్మని వాళ్లు వెళ్లి చూసుకోవచ్చు.

ఆయన ఇల్లాలు ఇందుకు సరిగ్గా తలకిందులు. ఆవిడ టీ పెట్టినా ముందు గిన్నె వేడిచేసి, కప్పులు కడిగి, అప్పుడు నీళ్లు పోస్తుంది. అలాంటి మనిషి మూడు నెలల నుంచి గోళ్ల పని నేర్చుకుంటోంది. గోళ్ల పనంటే కత్తిరించడం కాదు. ఉన్న గోరు మీద ఆక్రిలిక్ పొడినీ ద్రవాన్నీ కలిపి కొత్త గోరు కట్టి, ఆకారం తెచ్చి, రంగు వేయడం. శనివారంతో శిక్షణ అయిపోతుంది. ఆదివారం పొద్దున పదింటికి ఇంట్లోనే, వీధివైపు గదిలో, ఆవిడ సొంత పార్లరు మొదలవుతుంది.

తొలి కస్టమరు కూడా కుదిరారు. వీధి చివర ఉండే పెద్ద టీచరుగారు. ముప్ఫై ఎనిమిదేళ్లు బడి నడిపి ఈమధ్యే రిటైరయ్యారు. సోమవారం సాయంత్రం పాత విద్యార్థులంతా కలిసి ఆవిడకి అభినందన సభ పెడుతున్నారు. "సుద్దముక్క పట్టుకుని పట్టుకుని గోళ్లన్నీ అరిగిపోయాయి అమ్మాయ్. ఏ ఫోటో చూసినా చేతులు వెనక్కి దాచుకునే ఉంటాను. ఈ ఒక్కసారికి దాచుకోకుండా నిలబడాలనుంది" అన్నారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఇల్లాలి కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్ద టీచరుగారి గోళ్లు నిలిస్తే వీధి మొత్తం పార్లరుకి వస్తుంది. అవి స్టేజీ మీద ఊడి పడ్డాయో, తెరిచిన రెండో రోజే తలుపులు మూసుకోవాలి.

మిగిలింది గదికి రంగు వేయడం. ఆ పని తనకి వదిలేయమని డైరెక్టుగారు మూడు రోజులు సెలవు పెట్టేశారు.

"ఏమండీ, ఆ గోడకి పాత ఆయిల్ పెయింటుంది. దాని మీద కొత్త రంగు ఊరికే పట్టదు" అంది ఇల్లాలు బుధవారం సాయంత్రం, చేతిలో ఓ కాగితంతో. "ముందు కడగాలి. ఆరాక గరుకు కాగితం పెట్టి రుద్దాలి. తర్వాత ప్రైమర్ వేసి ఒక రోజు ఆగాలి. అప్పుడు రంగు, రెండు పూతలు. వరసగా రాశాను."

"గోడకి ఇన్ని మర్యాదలా? మా పెద్దాఫీసరు తనిఖీకొస్తే కూడా ఇన్ని చెయ్యంకదోయ్."

"మీ పెద్దాఫీసరు వచ్చి వెళ్లిపోతాడు. రంగు ఉండాలి."

"ఇంతకీ ఈ ప్రైమర్ అనేది వేశాక కనపడుతుందా?"

"కనపడదు."

"కనపడనిదానికి ఎందుకీ హడావిడి?"

"కనపడకుండా పట్టుకునుండేదే అదండీ. నా పనిలోనూ అంతే. గోటి మీద జిడ్డుంటుంది. ప్రైమర్ రాయకుండా ఎంత అందమైన గోరు కట్టినా, మర్నాడు ఊడి కూరగిన్నెలో తేలుతుంది."

"సరే సరే, అన్నీ నేను చూసుకుంటా. నువ్వు మాత్రం శనివారం సాయంత్రం దాకా ఆ గదిలోకి తొంగి చూడకూడదు. సర్‌ప్రైజు!"

ఇల్లాలు ఆయన్ని ఒక్క క్షణం అదోలా చూసి, కాగితం ఆయన జేబులో పెట్టింది.

ఇప్పుడు డైరెక్టుగారి బుర్రలో ఉన్న లెక్క వినండి. కాగితం మీద అయిదు పనులున్నాయి. అందులో మొదటి నాలుగూ కంటికి కనపడనివి. అయిదోది ఒక్క శనివారం పూటలో అయిపోతుంది. అంటే గురువారం, శుక్రవారం దేవుడిచ్చిన సెలవులు! ఇంత చిన్న విషయం లోకంలో ఉన్న పెయింటర్లెవరికీ తట్టనందుకు ఆయన నిజంగానే జాలిపడ్డారు.

గురువారం ఇల్లాలు శిక్షణకి వెళ్లగానే గది తలుపు లోపల గడియ పెట్టుకుని, నేల మీద చాప పరిచి, మధ్యాహ్నం మూడు దాకా గుర్రుపెట్టి నిద్రపోయారు. శుక్రవారం చిన్న టీవీ కూడా లోపలికి తెచ్చుకుని మ్యాచ్ చూశారు. వచ్చిన చిక్కల్లా ఒకటే. రెండు రోజులు గోడ రుద్దిన మనిషి ఇస్త్రీ చొక్కాతో బయటికొస్తే బాగుండదు. అందుకని అయిదింటికల్లా అలమరలోంచి టాల్కం పౌడరు డబ్బా తీసి, జుట్టు మీదా కనుబొమల మీదా మోచేతుల మీదా దట్టంగా చల్లుకున్నారు. అద్దంలో చూసుకుంటే ఎంత కష్టజీవో అనిపించి ఆయనకే గుండె తరుక్కుపోయింది.

"అబ్బ, ఎంత దుమ్ము పట్టేసిందండీ!" అంది ఇల్లాలు.

"మరి? గోడంటే మాటలా?"

"మల్లెపూల వాసనొస్తోంది."

"అది... కొత్త రకం ప్రైమర్లే. వాసన వేసిమరీ అమ్ముతున్నారు."

"ఓహో" అంది ఇల్లాలు. ఆ 'ఓ'కీ 'హో'కీ మధ్య కాస్త ఎడం ఉంది గానీ, డైరెక్టుగారు దాన్ని పట్టించుకోలేదు. వేడి నీళ్లు కాచి ఇచ్చి, వీపు మీద చెయ్యి వేసి, "పాపం, బాగా అలసిపోయినట్టున్నారు" అంది. రెండు రోజులు పడుకుని లేచిన నడుం నిజంగానే నొప్పి పెడుతోంది కాబట్టి ఆయన అబద్ధమాడకుండానే మూలిగారు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి బ్రష్షు పట్టారు. ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఆ రోజు మాత్రం ఒళ్లు వంచి పని చేశారు. లేత వంగపూవు రంగు. ఇల్లాలికి ఇష్టమైన రంగు. అంచుల వెంబడి కాగితపు పట్టీ అంటించి, నిచ్చెనెక్కి దిగి, మధ్యాహ్నానికి రెండు పూతలూ పూర్తి చేశారు. పాత పచ్చగోడ పోయి గది గదంతా కొత్తగా వెలిగింది. డైరెక్టుగారు నడుం మీద చేతులు పెట్టుకుని, "నాలుగు మెట్లు ఎగ్గొట్టినా మేడ మీదికే చేరాం" అనుకుని మురిసిపోయారు.

మూడింటికి రంగు ఆరింది. ఇక అంచుల్లోని కాగితపు పట్టీ పీకితే సరి. ఎడమ మూల కొస పట్టుకుని సుతారంగా లాగారు. పట్టీ వచ్చింది. దాంతోపాటు గోడ కూడా వచ్చింది.

గోడంటే ఇటుకలు కాదు లెండి. పొద్దున్నించి వేసిన లేత వంగపూవు రంగు, చిన్న సైజు తువ్వాలంత, ఒక్క ముక్కగా ఆయన చేతిలోకి వచ్చేసింది. దాని వెనక పాత ఆయిల్ పెయింటు పచ్చగా, నున్నగా, కొత్త పెళ్లికూతురిలా మెరుస్తోంది. డైరెక్టుగారు రెండో మూల ముట్టుకున్నారు. అక్కడ కూడా పొర కింద గాలి ఆడుతోంది. ముట్టుకోకపోతే ఉంటుంది, ముట్టుకుంటే వస్తుంది, అదీ వరస.

కిటికీ అవతల, పక్కింటి అరుగు మీద, బ్రష్ బాబాయ్ కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. నలభై ఏళ్లు ఇళ్లకి రంగులు వేసి, మోకాళ్లు అరిగాక మానేసిన మనిషి.

"ఏరా అబ్బాయ్, తువ్వాలు ఆరేస్తున్నావా?"

"బాబాయ్! ఇది ఊడొచ్చేస్తోంది!"

"ఊడక? ఆయిల్ పెయింటు మీద ప్రైమర్ వెయ్యకుండా వేశావుగా. గరుకు కాగితం చప్పుడు రెండ్రోజులుగా నేను విన్లేదు. నీ గురక మాత్రం విన్నాను."

"ఇప్పుడేం చెయ్యను?"

"మొత్తం గీకేసి మళ్లీ మొదలెట్టు. మూడు రోజులు."

"పొద్దున పదింటికి పార్లరు తెరవాలి బాబాయ్! ఒక్క ముక్కలో చెప్పు, డైరెక్ట్‌గా!"

"డైరెక్ట్‌గా అయితే ప్రైమర్ కావాలి. శనివారం మధ్యాహ్నం నుంచి కొట్లు మూసేస్తారు" అని చెప్పి బాబాయ్ కుర్చీ అటు తిప్పుకున్నాడు.

డైరెక్టుగారు ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే, హాల్లో బల్ల మీద ఇల్లాలి పనిపెట్టె కనపడింది. ఆదివారానికని ముందురోజే అన్నీ సర్ది పెట్టుకుంది. ఆకురాళ్లు, కుంచెలు, పొడి డబ్బాలు. వాటి మధ్య బొటనవేలంత నల్లటి గాజుసీసా. దాని మీద స్పష్టంగా 'ప్రైమర్' అని రాసుంది.

మనలాంటి వాళ్లయితే అది గోళ్లది కదా అనుకుంటాం. డైరెక్టుగారు అలా అనుకోలేదు. ప్రైమర్ కావాలన్నాడు బాబాయ్, ఇది ప్రైమర్. ఇంట్లోనే పెట్టుకుని ఊరంతా వెతకడమేమిటని తనని తానే కసురుకుని మూత తిప్పారు. ముక్కు అదిరిపోయే పుల్లటి వాసన కొట్టింది. వాసన గట్టిగా ఉంటే మందు గట్టిదనే నమ్మకంతో పని మొదలెట్టారు.

మూతకున్న కుంచె కనురెప్ప వెంట్రుకంత ఉంది. దానితో గోడ మీద పూయడమంటే చెంచాతో చెరువు తోడినట్టే. నిచ్చెన మీద నిలబడి, నాలుక బయటపెట్టి, ఊడిన చోటుకి పై అంచున ఒక్క సన్నటి గీత గీసేసరికి సీసా ఖాళీ అయిపోయింది. ఆ గీత మీద ఊడిన పొరని ఎత్తి ఒత్తి పట్టుకుని వందంకెలు లెక్కపెట్టారు. చెయ్యి తీశారు. నిలిచింది! పై అంచు పట్టుకుంటే చాలు, మిగతాది కిందికి వేలాడుతూ గోడకి ఆనుకుని ఉంటుంది. ఎవరూ గట్టిగా తుమ్మకపోతే సరి.

అప్పుడు ఖాళీ సీసా కంటపడింది. లోపలున్నది నీళ్లలా తెల్లగా ఉండేది కాబట్టి దాన్ని కుళాయి కింద పెట్టి నింపేశారు. మూత బిగించి, తుడిచి, ఎక్కడిది అక్కడ పెట్టేశారు. సరిగ్గా అప్పుడే పెద్ద టీచరుగారు గుర్తొచ్చారు. ఆయన కళ్ల ముందు ఆవిడ దాచుకోకుండా చేతులు ముందుకు చాపుకుని స్టేజీ మీద నిలబడ్డారు, ఒక్కో గోరూ రాలిపడుతోంది. సాయంత్రం ఇల్లాలు రాగానే మొత్తం చెప్పేద్దామని డైరెక్టుగారు గట్టిగా నిశ్చయించుకున్నారు.

ఇల్లాలు ఆరింటికి వచ్చింది, చేతిలో సర్టిఫికెట్టు. గది తలుపు తీసి, గడప దగ్గరే ఆగిపోయింది.

"నాకిష్టమైన రంగు గుర్తుపెట్టుకున్నారే!"

"అదే... నీకో మాట చెప్పాలి..."

"ఇంత పెద్ద గోడ ఒక్కరే వేశారు కదండీ" అని ఆయన రెండు చేతులూ తీసుకుని చూసింది. గోళ్ల సందుల్లో వంగపూవు రంగు. "మా ఇంట్లోగానీ మీ ఇంట్లోగానీ, నేను నేర్చుకుంటానంటే నవ్వనివాళ్లు మీరొక్కరే. ఎంత రుణపడ్డానో మీకు తెలీదు. ఇంతకీ ఏదో చెప్పాలన్నారు?"

తిడితే ఎదురు చెప్పడం ఆయనకి వచ్చు. ఇలా మెచ్చుకుంటే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. "ఏం లేదు, ఆకలేస్తోంది" అన్నారు. ఆ రాత్రి ముద్ద దిగలేదు.

ఆదివారం పొద్దున ఇల్లాలు ఏడింటికే ఎక్కడికో వెళ్లి ఎనిమిదిన్నరకి వచ్చింది. నడకకి వెళ్లానంది. పదింటికి ఒక్క నిమిషం ముందు పెద్ద టీచరుగారు వచ్చారు. ఆవిడ గదిలోకి అడుగుపెట్టగానే డైరెక్టుగారు లేచి నిలబడి చేతులు కట్టుకున్నారు. ఆ బళ్లో ఆయన చదువుకోలేదు, అయినా ఎందుకో అలాగే నిలబడాలనిపించింది.

"గది బాగుంది అమ్మాయ్. ఫ్యానొకటి వేస్తావా, ఉక్కగా ఉంది" అన్నారు ఆవిడ, సరిగ్గా ఆ అతుకు కిందున్న కుర్చీలో కూర్చుంటూ.

ఇల్లాలు ఫ్యాను వేసింది. డైరెక్టుగారు వెళ్లి ఆపేశారు.

"అదేంటండీ?"

"చలిగా లేదూ?" అన్నారాయన, చెమట తుడుచుకుంటూ.

ఇల్లాలు మళ్లీ వేసింది. అతుకు కింది అంచు సన్నగా రెపరెపలాడింది. ఆయన మళ్లీ స్విచ్చు మీదికి చెయ్యి పోనిచ్చారు.

"బాబూ" అన్నారు పెద్ద టీచరుగారు. ఒక్కటే మాట. డైరెక్టుగారి చెయ్యి దానంతటదే కిందికి దిగిపోయింది.

ఇల్లాలు పెద్ద టీచరుగారి చెయ్యి తువ్వాలు మీద పెట్టుకుని, గోళ్లని మెల్లగా ఆకురాయితో రుద్ది, జిడ్డు తుడిచింది. ఆ గోళ్లు నిజంగానే సగానికి అరిగిపోయి, చివర్లు పగిలి ఉన్నాయి. పెద్ద టీచరుగారు అలవాటుకొద్దీ వేళ్లు ముడుచుకోబోయి, మళ్లీ తనే సరిచేసుకుని చాపారు. అది చూసి డైరెక్టుగారు తెలియకుండానే ఒక అడుగు ముందుకు వేశారు.

"ఇప్పుడు ప్రైమర్ మేడమ్" అంటూ ఇల్లాలు నల్ల సీసా అందుకుంది.

"ఎందుకోయ్ అవన్నీ! డైరెక్ట్‌గా రంగు వేసేయ్" అన్నారు డైరెక్టుగారు ఆఖరి ప్రయత్నంగా.

"మొదటి పాఠం చెప్పకుండా రెండో పాఠం చెప్పే టీచర్ని నేను ఒక్కరోజు కూడా బళ్లో ఉంచలేదు" అన్నారు పెద్ద టీచరుగారు.

ఇల్లాలు మూత తిప్పింది. కుంచె పైకి తీసింది. కుంచె కొస బొటనవేలి గోటికి బెత్తెడు దూరంలో ఉంది.

"ఆగు!" డైరెక్టుగారి కేకకి వీధిలో పోయేవాళ్లు కూడా ఆగారు. "రాయకు! అందులో ఉన్నది కుళాయి నీళ్లు! ప్రైమర్ నేను గోడకి వాడేశాను! గోడకి వెయ్యాల్సిన ప్రైమర్ వెయ్యలేదు, రుద్దనూ లేదు, కడగనూ లేదు! గురువారం పడుకున్నాను, శుక్రవారం మ్యాచ్ చూశాను, అది దుమ్ము కాదు పౌడరు! తప్పంతా నాది, పెద్ద టీచరుగారి గోళ్లకేం కాకూడదు!"

ఆ కేకకి పైనించి 'సర్రు'మని ఒక చప్పుడు. అతుకు ఊడింది. ఊడినది ఊరుకోక పక్కనున్న నాలుగు మూరలూ తనతో పట్టుకొచ్చింది. లేత వంగపూవు రంగు గోడ మెల్లగా, తీరిగ్గా కిందికి జారి, పెద్ద టీచరుగారి తల మీంచి భుజాల దాకా దుప్పటిలా కప్పేసింది.

దుప్పటి లోపలినించి గొంతు వినిపించింది. "అమ్మాయ్, ఈయన ఇంట్లో ఎప్పుడూ ఇంతేనా?"

"ఇవాళ కాస్త నయం మేడమ్" అంది ఇల్లాలు, పొర తొలగిస్తూ. మొహంలో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. చీర కొంగు ముడి విప్పి, అందులోంచి కొత్త నల్ల సీసా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది. దాని మూత తిప్పగానే ముక్కు అదిరే వాసన గదంతా పరుచుకుంది.

డైరెక్టుగారు నోరు తెరిచారు. మూయడం మర్చిపోయారు.

"గురువారం సాయంత్రమే బ్రష్ బాబాయ్ గోడవతల్నించి మీ గురక సంగతి చెప్పాడు. పౌడరు డబ్బా నాదే కదండీ, సగమైపోతే నాకు తెలీదా? నిన్న రాత్రి పెట్టె సర్దుకుంటూ సీసా వాసన చూశాను. వాసనే లేదు. నాకు గోళ్ల పని నేర్పిన టీచరుకి ఫోన్ చేసి, పొద్దున్నే వెళ్లి కొత్తది తెచ్చుకున్నాను."

"అంతా తెలిసీ మరి నిన్న ఆ మెచ్చుకోలేమిటి!"

"అందులో ఒక్క అబద్ధముందేమో చెప్పండి. గోడ మీరొక్కరే వేశారు. రంగు గుర్తుపెట్టుకున్నారు. నవ్వలేదు. అవన్నీ నిజమే కదా?"

"మరి ఆ సీసా ఎందుకు తీశావు?"

"మీరు చెప్తారో లేదో చూద్దామని. చెప్పకపోయుంటే నేనే సీసా మార్చుకుని పని చేసుకునేదాన్ని. మీతో మాత్రం మాట్లాడేదాన్ని కాదు." ఆవిడ నీళ్ల సీసాని పక్కకి నెట్టింది. "చెప్పారు. నాకదే చాలు."

డైరెక్టుగారు ఊపిరి పీల్చుకుని మెల్లగా తలుపు వైపు జరగబోయారు.

"ఎక్కడికి బాబూ?" అన్నారు పెద్ద టీచరుగారు. "ప్రైమర్ ఉంటే ఏమిటో, లేకపోతే ఏమిటో నాకూ తెలియాలి. అమ్మాయ్, ముందు ఈయన చేతుల మీద చూపించు. ఎడం చేతికి నీళ్లు, కుడి చేతికి ప్రైమర్."

అలా లేత వంగపూవు రంగు పార్లరులో, కాదు, సగం పచ్చ సగం వంగపూవు పార్లరులో, తొలిసారి గోళ్లు కట్టించుకున్నది డైరెక్టుగారు. పదీ పొడుగ్గా, నున్నగా, మిగిలిపోయిన గోడ రంగుకి సరిగ్గా సరిపోయే రంగులో, చివర వెండిగీతతో కుదిరాయి. ఆ తర్వాత పెద్ద టీచరుగారికి రెండున్నర గంటలు కూర్చుని కట్టింది ఇల్లాలు. ఒక్కో గోరూ అయ్యేకొద్దీ ఆవిడ చెయ్యి పైకెత్తి వెలుతురులో చూసుకున్నారు. వెళ్లేటప్పుడు ఇల్లాలి తల మీద చెయ్యి పెట్టారు.

ఎడం చేతి గోళ్లు సోమవారం పొద్దున స్నానంలో రెండు, చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఒకటి, బస్సులో మిగతావీ రాలిపోయాయి. కుడి చేతివి మాత్రం రాయిలా నిలిచాయి. ఆ పొద్దున బయల్దేరే ముందే ఆయన ఇల్లాలి దగ్గర మొరపెట్టుకున్నారు.

"ఇవి తీసెయ్యవోయ్, ఆఫీసుకెళ్లాలి!"

"నానబెట్టి తియ్యాలండీ, నలభై నిమిషాలు. టైం లేదు, కస్టమర్లున్నారు."

"డైరెక్ట్‌గా పీకెయ్!"

"పీకితే మీ గోరు కూడా వస్తుంది, గోడ వచ్చినట్టే."

విచారణ కిటికీ దగ్గర బయటివాళ్లకి ఆయన కనపడరు. అద్దానికి కింద అర్ధచంద్రాకారం కంతలోంచి కుడి చెయ్యొక్కటే కనపడుతుంది, కాగితం ముక్క మీద ప్లాట్‌ఫారం నంబరు రాసిస్తూ. పదహారేళ్లుగా ఆ చేతిని ఎవరూ పట్టించుకోలేదు. ప్రశ్న అడగడం, బండి ఆలస్యమంటే ఆయన్ని తిట్టడం, కాగితం లాక్కుని పరిగెత్తడం. ఆ సోమవారం మొదటిసారి ఒకావిడ కాగితం అందుకోబోయి ఆగిపోయింది. వంగి, కంతలోంచి ఆయన మొహం చూసింది.

"ఎక్కడ వేయించుకున్నారండీ?"

"మా... మా ఇంట్లో. మా ఆవిడ వేసింది."

"ఎంత బాగున్నాయో! అడ్రసు రాసిస్తారా? థాంక్సండీ."

డైరెక్టుగారు ఆ థాంక్స్‌ని కాసేపు చేత్తో పట్టుకుని కూర్చున్నట్టే కూర్చున్నారు. వారం తిరిగేసరికి రోజుకి పదిమంది వంగి ఆయన మొహం చూస్తున్నారు. నవ్వుతున్నారు. కొందరు కుశలం కూడా అడుగుతున్నారు. బండి మూడు గంటలు ఆలస్యమని చెప్పినా తిట్టకుండా, "ఫర్వాలేదు లెండి, మీరేం చేస్తారు" అన్నాడొక పెద్దాయన. పెద్దాఫీసరు పిలిపించి రూల్సు పుస్తకం మొత్తం తిరగేశాడు. గోళ్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు. శుక్రవారానికి పెద్దాఫీసరు భార్య కూడా పార్లరులో వచ్చి కూర్చుంది. అభినందన సభ ఫోటోలో పెద్ద టీచరుగారు రెండు చేతులూ ముందుకు పెట్టి, పూలగుత్తి పట్టుకుని నవ్వుతున్నారు. ఆ ఫోటో చూసిన వాళ్లలో సగం మంది ఇప్పుడు ఇల్లాలి దగ్గర వరసలో ఉన్నారు.

ఈలోగా డైరెక్టుగారు మళ్లీ సెలవు పెట్టి, బ్రష్ బాబాయ్ కుర్చీలోంచి అజమాయిషీ చేస్తుండగా, గోడ గీకారు, కడిగారు, రుద్దారు, ప్రైమర్ వేశారు, ఒక రోజంతా చేతులు కట్టుకుని ఊరికే కూర్చున్నారు. ఆ ఊరికే కూర్చోవడమే అన్నిటికన్నా కష్టమైందట. ఈసారి కనుబొమల మీద నిజం దుమ్మే. గోడ మాత్రం ముట్టుకున్నా నిలిచింది, గీరినా నిలిచింది.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం, ఆఖరి కస్టమరు వెళ్లాక, డైరెక్టుగారు పార్లరులోకి వచ్చి నిలబడ్డారు.

"గోళ్లు కింద ఎదిగిపోయాయి. ఇవాళైనా తీసేస్తావా?"

ఇల్లాలు అపాయింట్‌మెంట్ల పుస్తకం ఆయన వైపు తిప్పింది. ఆ రోజు తేదీ కింద, ఆఖరి గంట ఎదురుగా, మూడు వారాల కిందటి సిరాతో రాసుంది. 'మావారు. రెండు చేతులూ.'

"ఇదెప్పుడు రాశావు?"

"ఆ ఆదివారమే."

"నేను తీయించుకోవడానికి కదా వచ్చింది!"

"తీసెయ్యమంటే తీసేస్తాను. చెప్పండి, తీసెయ్యనా?"

డైరెక్టుగారు కిటికీ కంతని తలుచుకున్నారు. వంగి చూసే మొహాలని తలుచుకున్నారు. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ బుద్ధిగా తువ్వాలు మీద పెట్టారు. ఇల్లాలు పాతవి నానబెట్టి తీసింది. ఆకురాయి పట్టి ఒక్కో గోరూ రుద్దింది. నలభై నిమిషాల్లో ఆయన ఒక్కసారి కూడా త్వరగా కానివ్వమనలేదు.

"ఒక మాట చెప్పాలోయ్. పద్దెనిమిదేళ్ల కిందటే చెప్పాల్సింది" అన్నారు చివరికి, గోడకేసి చూస్తూ. "నేను వదిలేసిన మొదటి పనులన్నీ నా వెనకాలే నువ్వు చేసుకుంటూ వచ్చావు. నాకు ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. థాంక్స్. చాలా... చాలా థాంక్స్."

కళ్లు నిండాయి. ఇల్లాలు ఆకురాయి పక్కన పెట్టి, తన కళ్లు కూడా మోచేత్తో ఒత్తుకుని, నల్ల సీసా అందుకుంది.

"కళ్లు తుడుచుకోవాలంటే ఇప్పుడే తుడుచుకోండి" అంది. "ప్రైమర్ రాశాక చెయ్యి తడవకూడదు."